ఎదిగిన బిడ్డను చూసుకోవడం: భక్తి ఎక్కడ ఆదుకుంటుంది, ఎక్కడ బరువవుతుంది

వైకల్యమున్న పసిబిడ్డను ఎత్తుకున్న తల్లి కనిపిస్తే దారి ఇచ్చేవాళ్లు, చేయి అందించేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. అదే బిడ్డకు ముప్పై ఐదేళ్లు వచ్చి, గడ్డం మొలిచి, డెబ్బై కిలోల మనిషై, పదిమందిలో ఉన్నట్టుండి గట్టిగా అరిస్తే అందరూ పక్కకు జరుగుతారు. తల్లి మాత్రం అదే తల్లి. ఆమెకు అరవై దాటాయి, మోకాళ్లు అరిగాయి, కొడుకును మంచం మీంచి లేపి వీల్‌చైర్‌లో కూర్చోబెట్టేసరికి నడుము పట్టేస్తుంది. చిన్నప్పుడు బడి ఉండేది, థెరపీ ఉండేది, "పెద్దయ్యేసరికి బాగవుతాడులే" అని ధైర్యం చెప్పే చుట్టాలు ఉండేవాళ్లు. ఇప్పుడు బడి అయిపోయింది, థెరపీ ఆగిపోయింది. ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రావడం లేదు.

నిజానికి ఇంత పెద్ద సంఖ్యలో ఈ పరిస్థితి రావడం మనిషి చరిత్రలో కొత్త. అమెరికా లెక్కల ప్రకారం డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల సగటు ఆయుష్షు 1983 ప్రాంతంలో సుమారు 25 ఏళ్లు. ఇప్పుడది దాదాపు 60. గుండె ఆపరేషన్లు, యాంటీబయాటిక్స్, ఫిట్స్ మందులు, వైకల్యమున్నవాళ్లను సంస్థల్లో పడేయకుండా ఇంట్లో పెంచడం, ఇవన్నీ కలిసి తెచ్చిన మార్పు ఇది. మంచి మార్పే. కానీ దాని ఫలితంగా ఎనభై ఏళ్ల తల్లి యాభై ఐదేళ్ల కూతురికి స్నానం చేయించే ఇళ్లు తయారయ్యాయి. బిడ్డల సంగతే కాదు. పక్షవాతం వచ్చిన భర్త, ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన భార్య, తల్లిదండ్రులు పోయాక అన్న చేతికొచ్చిన తమ్ముడు కూడా ఈ లెక్కలోకే వస్తారు. ప్రపంచంలో 130 కోట్ల మందికి, అంటే దాదాపు ఆరుగురిలో ఒకరికి, చెప్పుకోదగ్గ వైకల్యం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది.

మతాలు మనకిచ్చిన కథల్ని ఈ వెలుగులో చూస్తే ఒక ఖాళీ కనిపిస్తుంది. గుడ్డివాడికి చూపు వస్తుంది, కుంటివాడు లేచి నడుస్తాడు, లేదంటే భక్తుడు కన్నుమూసి ముక్తి పొందుతాడు. నయం కాకుండా, చావూ రాకుండా నలభై ఏళ్లు సాగే మధ్యకాలానికి కథలు తక్కువ. ఆ మధ్యకాలంలో బతికే మనిషి ఏదో ఒక రోజు "నాకు దేవుడి మీద నమ్మకం పోతోంది" అంటే, తప్పు తన భక్తిలోనే ఉందనుకుంటుంది. నేను గమనించినంతలో ఆ ఒక్క మాటలో నాలుగైదు వేర్వేరు సంగతులు ముడిపడి ఉంటాయి: జవాబు దొరకని ప్రశ్న, తీరని దుఃఖం, నిద్రలేమి, ఒంటరితనం, రేపటి భయం. వీటిలో కొన్నిటికి ప్రార్థన పనికొస్తుంది. కొన్నిటికి వారానికి రెండు పూటలు వచ్చి కూర్చునే మనిషి కావాలి. ఏది దేనికో తెలియకపోతే ప్రార్థన మీద మోయలేనంత బరువు పడుతుంది.

"మాకే ఎందుకు?"

ముందుగా వచ్చేది ఈ ప్రశ్నే. దానికి జవాబులు కూడా రెడీగా ఉంటాయి: పోయిన జన్మ పాపం, దేవుడి పరీక్ష, శాపం, లేదా "మీరైతేనే మోయగలరని దేవుడు ఎంచుకున్నాడు." చివరిది వినడానికి తియ్యగా ఉంటుంది కానీ రాత్రి మూడింటికి నాలుగోసారి పక్కబట్టలు మారుస్తున్న మనిషికి అది ఓదార్పు ఇవ్వదు.

ఇలాంటి జవాబులు జనం నోట అంత త్వరగా ఎందుకు వస్తాయో మనస్తత్వ శాస్త్రం కొంత చెప్పింది. 1966లో మెల్విన్ లెర్నర్, కరోలిన్ సిమన్స్ ఒక ప్రయోగం చేశారు. ఒక అమ్మాయికి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాక్ ఇస్తున్నట్టు విద్యార్థినులకు చూపించారు. షాకులు నిజమైనవి కావు, చూసేవాళ్లకు ఆ సంగతి తెలియదు. ఆ బాధను ఆపడం తమ చేతుల్లో లేదని తెలిసినవాళ్లు కాసేపటికి ఆ అమ్మాయినే తక్కువ చేసి మాట్లాడటం మొదలుపెట్టారు. ఆమెకు మేలు జరిగేలా చేసే అవకాశం ఇచ్చినప్పుడు ఆ చిన్నచూపు తగ్గింది. లోకంలో ఎవరికి తగింది వాళ్లకు జరుగుతుందని నమ్మకపోతే మనకు నిద్ర పట్టదని, అందుకే బాధితుడిలో తప్పు వెతుకుతామని లెర్నర్ వివరణ. ఈ ప్రయోగంలో నాకు ముఖ్యంగా తోచింది రెండో సగం. చేయడానికి ఏదో ఒక పని దొరికినవాళ్లు నిందించడం తగ్గించారు. "ఏ పాపం చేశారో" అనే మాట ఎక్కువగా చేయి కదపని వాళ్ల నోటి నుంచే ఎందుకొస్తుందో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

విచిత్రమేమిటంటే ఆ జవాబుల్ని మతాలే అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ని సరిగ్గా ఈ ప్రశ్నే అడిగాడు: మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ వల్లేనని కొందరు అంటున్నారు, మీరేమంటారు? బుద్ధుడు పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసి రావడం, ఋతువుల మార్పు, అజాగ్రత్త, పైనుంచి వచ్చిపడే దెబ్బ అని వరసగా చెప్పి, ఎనిమిదో కారణంగా మాత్రమే కర్మఫలాన్ని చేర్చాడు. అంతా పూర్వకర్మే అనేవాళ్లు తమకు తెలిసినదాన్నీ, లోకం నిజమని ఒప్పుకున్నదాన్నీ దాటి మాట్లాడుతున్నారని అన్నాడు. కర్మను నమ్మే సంప్రదాయం లోపలి నుంచే వచ్చిన మాట ఇది. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు "ఎవరు పాపం చేశారు, ఇతనా, ఇతని తల్లిదండ్రులా?" అని అడిగితే యేసు ఇద్దరూ కాదంటాడు. బైబిల్‌లోనే, ఉన్నదంతా పోగొట్టుకున్న యోబు కథలో స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా అతని పక్కన నేల మీద కూర్చుంటారు. వాళ్లు చేసిన మంచి పని అంతవరకే. ఆ తర్వాత కారణాలు చెప్పడం మొదలుపెడతారు. చివర్లో దేవుడు కోప్పడేది దేవుణ్ని నిలదీసిన యోబు మీద కాదు, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ స్నేహితుల మీద.

"ఏ ప్రాణి మీదా దేవుడు మోయలేని భారం వేయడు" అనే ఖురాన్ వాక్యం కూడా ఇలాంటి ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. అది బఖరా సూరాలో 286వ ఆయత్. అయితే అదే ఆయత్ ఇంకా కొంచెం ముందుకు వెళ్తే, "ప్రభూ, మేము మోయలేని దాన్ని మా మీద మోపకు" అని వేడుకోలు ఉంటుంది. హామీ, మొర రెండూ ఒకే ఆయత్‌లో పక్కపక్కనే ఉన్నాయి. పలకరించడానికి వచ్చినవాళ్లు మొదటి భాగం చెప్పి వెళ్లిపోతారు. చూసుకునే మనిషికి రెండో భాగం అవసరం.

దేవుడి మీద కోపం వచ్చిందంటే భక్తి చచ్చిపోయిందని భయపడేవాళ్లు చాలామంది. కానీ కోపంగా మాట్లాడటానికి కూడా అవతల ఎవరో వింటున్నారన్న నమ్మకం ఉండాలి. తెలుగువాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. చెరసాలలో పడి దెబ్బలు తిన్న రామదాసు, తాను చేయించిన నగల లెక్కలు ఏకరువు పెట్టి మరీ రాముణ్ని నిలదీశాడు. దాన్ని నిందాస్తుతి అన్నాం, నాస్తికత్వం అనలేదు. బైబిల్‌లో 88వ కీర్తన మొరతో మొదలై చీకటితోనే ముగుస్తుంది. చివర్లో ఓదార్పు అతికించాలని ఎవరూ అనుకోలేదు, దాన్ని గ్రంథంలోంచి తీసేయనూ లేదు.

అయితే కోపం వచ్చి పోవడం వేరు, అందులోనే ఇరుక్కుపోవడం వేరు. మతం మనిషిని ఆదుకునే తీరు మీద దశాబ్దాలుగా పనిచేసిన కెనెత్ పార్గమెంట్ బృందం 2001లో ప్రచురించిన అధ్యయనంలో, జబ్బుపడి ఆస్పత్రిలో చేరిన పెద్దవయసువాళ్లను 596 మందిని రెండేళ్ల పాటు గమనించింది. దేవుడు నన్ను వదిలేశాడు, దేవుడికి నా మీద ప్రేమ లేదు, ఇది సైతాను పని అని బాధపడినవాళ్లలో చనిపోయే ప్రమాదం 19 నుంచి 28 శాతం ఎక్కువగా కనిపించింది. వీళ్లు రోగులే తప్ప రోగుల్ని చూసుకునేవాళ్లు కాదు కాబట్టి అంకెల్ని ఇక్కడికి ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. ఆ తర్వాత అదే బృందం మరో సంగతి చెప్పింది: ఈ పెనుగులాట ఎక్కువగా దెబ్బతీసేది అది రెండేళ్ల తర్వాత కూడా తెగకుండా మిగిలినవాళ్లనే. మరి అది తెగాలంటే బయటికి చెప్పుకోవాలి. "అలా అనకూడదమ్మా, తప్పు" అని నోరు నొక్కితే అది లోపలే ఉండిపోతుంది.

చావు లేని దుఃఖం

మనిషి పోతే ఏడవడానికి ఒక కాలం ఉంటుంది, పలకరింపులుంటాయి, కర్మకాండలుంటాయి. మనిషి ఎదురుగా ఉండగానే, ఆ మనిషికి దక్కాల్సిన జీవితం దక్కలేదని వచ్చే దుఃఖానికి ఇవేవీ లేవు. సైమన్ ఒల్షాన్‌స్కీ 1962లో దీనికి "దీర్ఘకాలిక దుఃఖం" అని పేరు పెట్టాడు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులతో పనిచేసిన ఆయన చెప్పిందేమిటంటే, ఈ దుఃఖం జబ్బు కాదు, సహజం, బిడ్డ ఉన్నంతకాలం ఉంటుంది. "మీరింకా వాస్తవాన్ని అంగీకరించలేదు" అని తల్లిదండ్రుల వెంటపడే నిపుణుల్ని ఆయన తప్పుపట్టాడు.

అరవై ఏళ్లు గడిచినా ఆ వెంటపడటం ఆగలేదు. నిపుణులు "అంగీకరించండి" అంటే, భక్తులు "దేవుడి చిత్తం అనుకోండి" అంటారు. రెండింటిలోనూ ఒకే పొరపాటుంది. దుఃఖం ఒక మెట్టు, దాన్ని ఒకసారి దాటేస్తే అయిపోతుందన్న ఊహ. అలా జరగదు. అన్నీ సర్దుకున్నాయి అనుకున్న ఇంట్లో, బిడ్డతో పాటు బడికెళ్లిన పిల్లల్లో ఎవరిదో పెళ్లి కబురు వస్తుంది. ఆ సాయంత్రమంతా తల్లి ఎవరితోనూ మాట్లాడదు. మర్నాడు మామూలుగానే లేస్తుంది. ఇరవయ్యేళ్ల వయసులో ఉద్యోగాల కబుర్లు, ముప్పైలో పిల్లల కబుర్లు, అరవైలో "మా అబ్బాయి మమ్మల్ని బాగా చూసుకుంటున్నాడు" అనే కబుర్లు. ప్రతిసారీ ఆ దుఃఖం కొత్త ముఖంతో తిరిగొస్తుంది. దీన్ని విశ్వాసం సన్నగిల్లడం అనుకుంటే ప్రతిసారీ దుఃఖం మీద అపరాధభావం కూడా పడుతుంది.

తలకు దెబ్బ తగిలి స్వభావమే మారిపోయిన భర్తను చూసుకునే భార్యది ఇంకో రకం. పాలిన్ బాస్ అనే పరిశోధకురాలు 1970ల నుంచి దీని మీద పనిచేసింది. మనిషి శరీరంతో ఉండి మనసుతో లేకపోవడం, లేదా గల్లంతైనవాళ్ల విషయంలో జరిగినట్టు మనసులో ఉండి కళ్లముందు లేకపోవడం, రెండూ స్పష్టత లేని నష్టాలే అంది. ఇక్కడ భార్య ఒకేసారి రెండు మాటలూ మనసులో ఉంచుకోవాలి: ఆయన ఉన్నాడు, ఆయన లేడు. ఏదో ఒకటి తేల్చుకొమ్మని బలవంతపెడితే పిచ్చెక్కుతుంది. రెండు మాటల్నీ పక్కపక్కన ఉండనిచ్చే శక్తి తర్కం కన్నా ప్రార్థనకే ఎక్కువ అని నా అభిప్రాయం. భక్తి నిజంగా ఆదుకునే చోట్లలో ఇదొకటి. అది ఇక్కడ జవాబు ఇవ్వక్కర్లేదు. పాత మంత్రమో, చిన్నప్పటి ప్రార్థనో, రోజూ అదే వేళకు చేసే నమాజో, దేనికైనా ఆలోచించకుండా చేసుకుపోయే పద్ధతంటూ ఒకటి ఉంది. ఆలోచించే ఓపిక లేని రోజున అదే మనిషిని నిలబెడుతుంది.

అలసట, అవిశ్వాసం

"ఒకప్పుడు గంటసేపు ప్రార్థనలో కూర్చునేదాన్ని, ఇప్పుడు కళ్లు మూస్తే ఏమీ రావడం లేదు." ఈ మాట విన్న వెంటనే అడగాల్సింది ఆధ్యాత్మిక ప్రశ్న కాదు. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారు? మధ్యలో ఎన్నిసార్లు లేస్తున్నారు? ఇంటి నుంచి ఒంటరిగా బయటికెళ్లి ఎన్నాళ్లయింది?

బైబిల్‌లో ఏలీయా ప్రవక్త ఎడారిలో ఒక చెట్టు కింద కూలబడి "ఇక చాలు, నా ప్రాణం తీసుకో" అంటాడు. అప్పుడొచ్చిన దేవదూత బోధ చేయడు. లేచి తినమంటాడు. ఏలీయా తిని, తాగి, మళ్లీ పడుకుంటాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినమంటాడు. దేవుడితో సంభాషణ ఆ తర్వాతెప్పుడో, నలభై రోజుల ప్రయాణం అయ్యాక. చూసుకునేవాళ్ల దగ్గరికి వెళ్లే మతపెద్దలంతా ఈ వరసను గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

చూసుకోవడం వల్ల ఆరోగ్యం పాడవుతుందా అన్న దాని మీద రెండు పరిశోధనలు పైకి ఒకదానికొకటి పొసగవు. 1999లో రిచర్డ్ షుల్జ్, స్కాట్ బీచ్ వృద్ధ దంపతుల మీద జరిపిన అధ్యయనంలో, జీవిత భాగస్వామిని చూసుకుంటూ ఆ పనిలో నలిగిపోతున్నామని చెప్పినవాళ్లకు, అలాంటి పని లేనివాళ్లతో పోలిస్తే, నాలుగేళ్లలో చనిపోయే ప్రమాదం 63 శాతం ఎక్కువని తేలింది. 2013లో డేవిడ్ రాత్ బృందం దాదాపు 3,500 మంది చూసుకునేవాళ్లను, అన్ని విధాలా వాళ్లతో పోల్చదగిన మరో అంతమందితో సరిపోల్చితే, చూసుకునేవాళ్లలోనే మరణాలు 18 శాతం తక్కువగా ఉన్నాయి. తిరకాసు ఎక్కడుందంటే, 1999 అధ్యయనంలో కూడా నలిగిపోతున్నామని చెప్పని వాళ్లకు అదనపు ప్రమాదమేమీ కనిపించలేదు. చూసుకోవడం అనే పని మనిషిని చంపడం లేదు. విరామం లేకుండా, సాయం లేకుండా చూసుకోవడం చంపుతోంది. భక్తి ఎంత ఉందన్నదాని కన్నా రాత్రిపూట రెండో మనిషి ఉన్నాడా లేడా అన్నది ఇక్కడ పెద్ద తేడా.

ఇంకో చిక్కుముడి: ఎదుటివాడి బాధలో మునిగిపోవడమే ప్రేమ అనుకోవడం. అయిదో శతాబ్దంలో బౌద్ధ వ్యాఖ్యాత బుద్ధఘోషుడు కరుణకు ఇద్దరు శత్రువులున్నారన్నాడు. దూరపు శత్రువు క్రూరత్వం, దాన్ని ఎవరైనా గుర్తుపడతారు. దగ్గరి శత్రువు దుఃఖం. కరుణలాగే కనిపిస్తుంది కాబట్టి దాన్ని గుర్తుపట్టడం కష్టం. మెదడు మీద పరిశోధన చేసే తానియా సింగర్ బృందం 2010 దశకంలో చేసిన ప్రయోగాలు ఇదే దారికొచ్చాయి. ఎదుటివాళ్ల బాధను తమ బాధగా అనుభవించడంలో శిక్షణ పొందినవాళ్లలో వేదన పెరిగింది. అదే మనుషులకు ఎదుటివాళ్ల మేలు కోరే కరుణా ధ్యానం నేర్పితే వేదన వెనక్కి తగ్గి, మనసు తేటపడింది. కొడుకు ఫిట్స్‌తో కొట్టుకుంటుంటే తల్లి పక్కన కూర్చుని ఏడ్చినా, గడియారం చూసి నిమిషాలు లెక్కపెట్టినా ప్రేమ అంతే. రెండో పని కొడుక్కి ఎక్కువ ఉపయోగం.

కోపం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎవరూ చెప్పరు. అన్నం ముద్ద ఉమ్మేసినప్పుడు, అప్పుడే మార్చిన డైపర్ మళ్లీ పాడైనప్పుడు, పెద్ద చేతులతో కొట్టినప్పుడు కోపం వస్తుంది. కొన్నిసార్లు అసహ్యం కూడా వేస్తుంది. చెయ్యి లేవబోతుందేమోనని భయం వేస్తుంది. ఆ క్షణంలో చేయాల్సింది ఒకటే: ఆ మనిషికి దెబ్బ తగలకుండా చూసి గదిలోంచి బయటికి రావడం. పాపమా కాదా అన్న చర్చ తర్వాత చేసుకోవచ్చు. కోపం మళ్లీ మళ్లీ అక్కడిదాకా వస్తుంటే అది ఒంటరిగా మోయకూడని స్థితి. డాక్టరుకో, కౌన్సిలర్‌కో, నమ్మకమైన బంధువుకో అదే రోజు చెప్పాలి.

పొగడ్తతో వదిలేయడం

"మీరు మనిషి కాదండీ, దేవత." మెచ్చుకోలే, సందేహం లేదు. కానీ ఆ మాట తర్వాత ఏం జరుగుతుందో చూడండి. దేవతకు నడుం నొప్పి రాదు, విసుగు రాదు, ఒక ఆదివారం సెలవు అక్కర్లేదు. కాబట్టి పొగిడినవాళ్లు నిశ్చింతగా వెళ్లిపోతారు. ఆమె కూడా సాయం అడిగితే ఆ పీఠం నుంచి దిగినట్టవుతుందని అడగదు. ఇలాంటి పొగడ్త ఎక్కువగా ఆడవాళ్లకే దక్కుతుంది. తండ్రి అదే పని చేస్తే ఆశ్చర్యపోతారు, తల్లి చేస్తే ఆరాధిస్తారు, ఇద్దరికీ సాయం మాత్రం చేయరు.

ప్రార్థనా స్థలాలు ఈ విషయంలో ఎంతో చేయగలవు. జనం ఉంటారు, నమ్మకం ఉంటుంది, వారం వారం కలుస్తారు. మామూలుగా జరిగేది "ఏమైనా అవసరమైతే చెప్పండి" అనడం. అది సాయంలా కనిపించే మరో పని అప్పగించడమే. ఏం అడగాలో ఆలోచించే ఓపికే ఆమెకు లేదు. "మంగళవారం నాలుగు నుంచి ఆరు వరకు నేనొచ్చి మీ అమ్మాయి దగ్గర కూర్చుంటాను, మొదటి రెండు సార్లు మీరూ ఉండి నేర్పండి" అంటే అది సాయం. వైకల్యమున్న మనిషి సామూహిక ప్రార్థనలో శబ్దం చేస్తే తల తిప్పి చూడకుండా ఉండటం కూడా సాయమే. చాలా కుటుంబాలు ప్రార్థనలకు వెళ్లడం మానేసేది నమ్మకం పోయి కాదు, ఆ చూపులు పడలేక.

మరి ఆ మనిషి మాటేమిటి?

ఇంతసేపూ చూసుకునేవాళ్ల గురించే మాట్లాడుకున్నాం. ఇలాంటి వ్యాసాలు చాలావరకు ఇక్కడితోనే ఆగిపోతాయి. వాళ్లు చూసుకునే మనిషి కూడా గదిలోనే ఉన్నాడు, చాలాసార్లు మనం అనుకున్న దానికన్నా ఎక్కువే వింటున్నాడు. మాటలు రాకపోవడం, అర్థం కాకపోవడం ఒకటి కాదు. "నా కర్మ" అని తల్లి ఫోన్‌లో అంటున్నప్పుడు ఆ కర్మ తానేనని అతనికి తెలుస్తుంది.

"దేవుడి బిడ్డ", "కల్లాకపటం తెలియని పసివాడు" అనే పిలుపులు నలభై ఏళ్ల మనిషిని చిన్నపిల్లాణ్ని చేసేస్తాయి. అతనికి ఇష్టాయిష్టాలుంటాయి, శరీరం ఉంటుంది, లైంగికత ఉంటుంది, మొండితనం ఉంటుంది, ఒంటరిగా ఉండాలనిపిస్తుంది. రాబర్ట్ పెర్స్కీ 1972లో ఒక మాట రాశాడు, రిస్క్ తీసుకోవడంలో కూడా ఒక గౌరవం ఉందని. అన్ని ప్రమాదాల నుంచీ కాపాడితే మనిషిని మనిషిగా బతకనివ్వనట్టే అని ఆయన వాదన. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వైకల్యమున్నవాళ్ల హక్కుల ఒప్పందం దీన్నే చట్టం భాషలోకి తెచ్చింది. 12వ అధికరణం అందరితో సమానంగా చట్టపరమైన గుర్తింపు, 19వది ఎక్కడ, ఎవరితో బతకాలో ఎంచుకునే హక్కు. ఇంట్లో ఇది చిన్న విషయాలతో మొదలవుతుంది. ఏ చొక్కా వేసుకోవాలి, ఎప్పుడు పడుకోవాలి, ప్రార్థనకు రావాలా వద్దా. రానంటే? తల్లికి కష్టంగా ఉంటుంది. అయినా అది అతని విశ్వాసం, ఆమెది కాదు.

స్వస్థత ప్రార్థనల విషయంలో నేను ఇంకొంచెం కటువుగా చెప్తాను. అడగకుండా వచ్చి తలమీద చేయిపెట్టి "నీకు నయమవుతుంది" అంటే, ఆ మనిషికి వినిపించేది "నువ్వు ఇలా ఉండకూడదు" అని. ఆ తర్వాత నయం కాకపోతే నేరం విశ్వాసం చాలని ఆ మనిషిది, లేదా తల్లిది అవుతుంది. పుట్టుకతో ఎముకల జబ్బుతో బతికిన నాన్సీ ఈస్లండ్ అనే మతశాస్త్ర పండితురాలు 1994లో దీనికి ఎదురుతిరిగి రాసింది. స్వర్గంలో నీకు లోపమేమీ ఉండదని చెప్పినవాళ్ల మాట ఆమెకు ఊరటనివ్వలేదు. ఈ శరీరంతోనే తాను తానైంది, అది లేకపోతే తనను తానే గుర్తుపట్టలేనేమో అనుకుంది. పునరుత్థానం చెందిన క్రీస్తు చేతుల మీద గాయాలు అలాగే ఉన్నాయి కదా అని గుర్తుచేసింది. కోరుకున్నవాళ్ల కోసం తప్పకుండా ప్రార్థించవచ్చు. ముందు అడగాలి, అంతే.

"నాకన్నా ఒక్కరోజు ముందు"

ఈ ఇళ్లలో ఒక ప్రార్థన ఉంటుంది. నోరు విప్పి చెప్పేవాళ్లు తక్కువ. నా బిడ్డ నాకన్నా ఒక్కరోజు ముందు వెళ్లిపోవాలి. విన్నవాళ్లు ఉలిక్కిపడతారు. చెప్పినవాళ్లు సిగ్గుపడతారు. దీని లోపల ఉన్నది ద్వేషం కాదు, నా తర్వాత నాలా చూసేవాళ్లు లేరన్న భయం. ఆ భయానికి ఆధారాలు కూడా ఉన్నాయి. అందుకని "అలా అనకండి" అనడం కన్నా "ఏ పని గురించి ఎక్కువ భయం? స్నానమా, మందులా, డబ్బా, ఎవరైనా కొడతారనా?" అని అడగడం మేలు. భయాన్ని ముక్కలు చేస్తే కొన్ని ముక్కలకు ఏర్పాట్లు దొరుకుతాయి.

ఒక హద్దు మాత్రం చెప్పుకోవాలి. ఆ ఆలోచన ప్రార్థన దాటి పథకంగా మారితే, ఇద్దరం కలిసి వెళ్లిపోదాం అనిపించడం మొదలైతే, అది అత్యవసర వైద్య పరిస్థితి. భక్తికీ, పాపానికీ సంబంధం లేదు. ఆ గంటలోనే ఎవరికైనా చెప్పాలి. విన్నవాళ్లు ఆ ఇంటిని ఒంటరిగా వదలకూడదు.

"దేవుడే చూసుకుంటాడు" అనే మాట ఇక్కడ రెండు పనులు చేస్తుంది. అన్ని ఏర్పాట్లూ చేసినవాళ్లు అంటే అది నమ్మకం. ఏ ఏర్పాటూ చేయనివాళ్లు అంటే అది వాయిదా. ఒంటెను కట్టేసి దేవుడి మీద భారం వేయనా, కట్టకుండా వేయనా అని అడిగినవాడికి ముహమ్మద్ ప్రవక్త ముందు కట్టు, తర్వాత భారం వెయ్యి అన్నారని ఒక హదీసు చెబుతుంది. కట్టడం అంటే చాలావరకు కాగితం పని. మందులు, మోతాదులు మాత్రమే రాసుకుంటే చాలదు. నొప్పి వస్తే అతను ఏం చేస్తాడు, ఎవరు ముట్టుకుంటే బెదురుతాడు, ఏ పాట పెడితే శాంతిస్తాడు, నిద్రపోయే ముందు ఏ ప్రార్థన వినడం అలవాటు, ఇవన్నీ తల్లి బుర్రలో తప్ప ఎక్కడా ఉండవు. వాటిని ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. డబ్బు, సంరక్షణ, ఉండే చోటు గురించి చట్టం తెలిసినవాళ్లతో మాట్లాడాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే "నువ్వే చూసుకోవాలి" అని ఊహించుకోకుండా, ఏ మేరకు చేయగలరో సూటిగా అడగాలి. చేయలేనని చెప్పిన తమ్ముణ్ని పాపాత్ముణ్ని చేయకూడదు. ముందే చెప్పినవాడు మేలు చేసినట్టే. అన్నిటికన్నా ముందు, ఎంత అర్థమైతే అంతవరకు, ఆ మనిషినే అడగాలి.

తల్లిదండ్రులు ఓపికతో ఉన్నప్పుడే ఆ మనిషి వేరే చోట, వేరేవాళ్ల చేతుల్లో ఒక రాత్రి గడపడం అలవాటు చేయాలి. మొదటిసారి ఇద్దరికీ నిద్ర పట్టదు. రాయడం మర్చిపోయిన సంగతులు ఆ రాత్రే బయటపడతాయి: లైటు పూర్తిగా ఆర్పకూడదని, ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టాలని, నీళ్ల గ్లాసు కనిపించే చోట ఉంచాలని. వాటిని పుస్తకంలో చేర్చి, నెల తిరిగేలోపు ఇంకో రాత్రి ప్రయత్నించాలి.